బోర్లించిన కుండ

మొన్న మా ఇంట్లో థర్మామీటరు పగిలింది. ఎప్పటిదో పాతది, బీరువా అడుగున పడివుండేది. మా ఆయనకు జ్వరమొస్తే తీసి విదిలిస్తుంటే చేయి జారి గచ్చు మీద పడింది. పాదరసం చిన్న చిన్న గుండ్లయి నలుమూలలకూ పరుగెత్తింది. ఇల్లు ఊడ్చే అమ్మాయి చీపురు పట్టుకుని రాబోతే నేను అరిచిన అరుపుకు పాపం గడప దగ్గరే నిలబడిపోయింది. మా ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టి, అంత కొంచెం పాదరసానికి ఇల్లు పీకి పందిరెయ్యాలా అన్నారు. జ్వరం మనిషిని లేపి వరండాలో కూర్చోబెట్టాను. ఇంట్లో ఉన్న తలుపులూ కిటికీలూ అన్నీ బార్లా తెరిచాను. మోకాళ్ళ నొప్పులున్నదాన్ని, తడి కాగితంతో ఒక్కో గుండునూ ఎత్తి నీళ్ళసీసాలో వేస్తూ గంటసేపు నేల మీద పాకాను.

ఆ గంటసేపూ నా ఎదురుగా ఒక మనిషి కూర్చునే ఉంది. ఆమె పోయి నలభై ఏళ్ళు కావస్తోంది. పాదరసం కనబడితే చాలు, వచ్చి కూర్చుంటుంది. ఏమీ అనదు. అంటే బాగుండు.

నేను వరంగల్‌కు ఉద్యోగానికి వచ్చింది డెబ్బైల మొదట్లో. మాది డోర్నకల్. నాన్నది రైల్వే కొలువు. ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరాను. నాకు తెలియని విషయం లోకంలో ఉండదనుకునే వయసు. చెవికమ్మ శీల ఊడిపోతే బాగుచేయించుకుందామని ఒకరోజు బజారులో కంసాలి వీధికి వెళ్ళాను. పనయి దుకాణం మెట్టు దిగబోతుంటే కింద కూర్చున్న ఒక ఆమె చీపురు అడ్డం పెట్టింది.

"జర కాళ్ళు దులుపుకోని పో బిడ్డా."

నాకు ఒళ్ళు మండింది. నా కాళ్ళకేం మట్టి ఉందని గట్టిగానే అడిగాను. మట్టి కాదు, బంగారమున్నదని ఆమె నింపాదిగా చెప్పి, నా పాదాల ముందు గుడ్డ పరిచింది. లోపలినుంచి పెద్ద కంసాలి నవ్వుతూ, దులిపెయ్యి తల్లీ, లేకుంటే నిన్ను పోనియ్యదన్నాడు. నేను రెండు కాళ్ళూ ఆ గుడ్డ మీద దులిపి, సిగ్గుపడి వచ్చేశాను.

ఆమెకప్పుడు యాభై ఉంటాయేమో. సన్నటి మనిషి, పొట్టి. మోచేతులదాకా బూడిద రంగు. వీధిలో అందరూ అవ్వ అనేవారు, నేనూ అవ్వ అనే పిలిచాను. పేరు అడగలేదు. పన్నెండేళ్ళ పరిచయంలో పేరు అడగకపోవడం ఎంత గర్వమో ఇప్పుడు తెలుస్తోంది.

ఆమె పని కంసాలి దుకాణాల్లో ఊడ్చిన దుమ్ములోంచి, కుంపటి బూడిదలోంచి బంగారం తీయడం. ఇనప ఆకురాయి పట్టినప్పుడు రాలే పొడి, కుంపట్లోంచి ఎగిరిన రవ్వ, చేతులు కడిగిన తొట్టి నీళ్ళు, అన్నీ ఆమెవే. ఏడాదికోసారి కంసాలులు తాము కూర్చునే పాత చాపలు ఆమెకు ఇచ్చేసేవారు. వాటిని కాల్చి ఆ బూడిద కడిగితే అందులోంచీ బంగారం వచ్చేది. దుకాణం ఖాళీ చేసేటప్పుడు నేల కూడా తవ్వి ఎత్తుకునేవారు. ఆ వీధిలో ఏదీ ఊరికే పారెయ్యరు.

ఇక ఆమె పద్ధతులు చూడాలి. చేతులు దులపడమనేది ఎరగదు. టీ తాగాలన్నా ముందు తన సొంత గిన్నెలో చేతులు కడుక్కుని ఆ నీళ్ళు దాచుకునేది. తలంటుకున్న నీళ్ళు కూడా పారబోసేది కాదు. దుమ్మంతా జుట్టులోకే పోతుంది కదా పంతులమ్మా అనేది. ఎవరైనా దగ్గరగా నిలబడి తుమ్మితే పళ్ళెం మీద కొంగు కప్పి, ఆ మనిషిని దొంగను చూసినట్టు చూసేది. ఒకసారి నేను పుప్పొడి రంగు రవిక తొడుక్కుని వెళితే, నీ రవిక చూస్తే నా కండ్లు మోసపోతున్నయ్, రేపు వేరేది ఏసుకోని రా అంది. నిజంగానే మార్చుకుని వెళ్ళాను.

నేను ఆమె దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడానికి కారణం మా ఎనిమిదో తరగతి పాఠం. మిశ్రమాలు, వాటిని వేరుచేసే పద్ధతులు. మా బడి ప్రయోగశాల అంటే ఒక అద్దాల బీరువా. అందులో ఉన్న అయస్కాంతం రెండు గుండుసూదులను కూడా మోయలేదు. ఇసుకా ఉప్పూ కలిపి వడపోసి చూపిస్తే పిల్లలు ఆవలించేవారు. అవ్వ దగ్గర చూస్తే పుస్తకంలోని పద్ధతులన్నీ ఒక్క అరుగు మీద వరసగా జరుగుతున్నాయి. ముందు దుమ్మును కాల్చేది. దారాలూ వెంట్రుకలూ చెక్కపొట్టూ పోయేవి. మిగిలినదాన్ని దంచి జల్లించి, సూదంటు రాయి తిప్పేది. ఆకురాళ్ళనుంచి రాలిన ఇనుము దానికి అంటుకునేది. తర్వాత చెక్కపళ్ళెంలో నీళ్ళు పోసి అలా అలా ఆడించేది. తేలికది నీళ్ళతో జారిపోయేది, బరువైనది అడుగున నిలిచేది. ఆ చెయ్యి ఆడే తీరు చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. పళ్ళెం అంచుకు నీళ్ళు వచ్చేవి కానీ ఒక్క చుక్క కూడా ఆమె అనుమతి లేకుండా కిందికి దూకేది కాదు.

"దేని గుణం దానికుంటది పంతులమ్మా. గుణం దొరికిందంటే మనం గుంజే పనిలేదు. అదే బయటికొత్తది," అనేది.

ఆ మాట నేను తరగతిలో నా సొంత మాటలాగా చెప్పాను. చాలా ఏళ్ళు చెప్పాను.

చివరికి ఆమెనే బడికి పిలిచాను. బూడిద గంపతో మనిషిని లోపలికి ఎలా రానిస్తామని పెద్దటీచరు ముఖం చిట్లించారు గానీ, నేను పట్టు వదల్లేదు. బడి ఆవరణలో అవ్వ కుంపటి పెట్టింది. పిల్లలు చుట్టూ మూగారు. కడగగా మిగిలిన నల్లటి మట్టిలో ఆమె పాదరసం పోసి బొటనవేలితో పిసికింది. బంగారాన్ని పాదరసం పట్టుకుంటుంది, మట్టిని పట్టుకోదు. దాన్ని పలచటి గుడ్డలో వేసి పిండితే ఎక్కువైన పాదరసం బయటికి కారి, లోపల తెల్లటి ముద్ద మిగిలింది. కారిన పాదరసాన్ని పిల్లలు అరచేతుల్లో వేసుకుని ఆడుకున్నారు. నేను చూసి మురిసిపోయాను. అవ్వ లేచి చీరకొంగు గాలిలోకి వదిలి, గాలి ఎటు వీస్తున్నదో చూసుకుంది. గాలి తన వెనకనుంచి వచ్చేట్టు కూర్చుని, ఆ ముద్దను ఇనప గరిటెలో పెట్టి కుంపటి మీద కాల్చింది. పిల్లల్ని కూడా తన వెనక్కే నిలబెట్టింది. కాసేపటికి ముద్ద పసుపు పచ్చగా మారింది.

వాళ్ళలో ముందు వరసలో ఉన్న ఒక పిల్ల పాదరసం ఎక్కడికి పోయిందని అడిగింది.

"గాలిల కలిసింది బిడ్డా. పొయ్యేదాన్ని పోనియ్యాలె. దాని ఎంబడి పడొద్దు."

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. నన్నెవరూ అడగలేదు. ఏదీ ఎక్కడికీ పోదని, ఆవిరిని చల్లబరిస్తే మళ్ళీ ద్రవమవుతుందని, దీన్ని స్వేదనం అంటారని చెప్పాను. మిశ్రమంలో ఉన్న రెండూ చేతికి వస్తేనే వేరుచేసినట్టు, ఒకటి పోగొట్టుకుంటే సగం పనే చేసినట్టు అని కూడా అన్నాను. అవ్వ గరిటె చేతిలో పట్టుకుని నా మాటలు పిల్లలకంటే శ్రద్ధగా విన్నది. అందరూ వెళ్ళాక, నిజంగానే మళ్ళీ దొరుకుతుందా అని అడిగింది. పాదరసం ఆమెకు సులభంగా దొరికే సరుకు కాదు. మందుల కొట్టువాణ్ణి బతిమాలి తెచ్చుకునేది.

నేను ఉపాయం చెప్పాను. గరిటె మీద కుండ బోర్లించి, దానిపైన తడిగుడ్డ వేస్తే ఆవిరి కుండ లోపల చుక్కలుగా పడుతుంది. అయితే బయట గాలికి మంట నిలవదు, ఆవిరి చెదిరిపోతుంది, కాబట్టి గదిలో చేయాలి. ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది. ఈ ఒక్క పని ఇంట్లో చేయకూడదట. ఇంట్లో చేస్తే లచ్చిమి అలుగుతదని వాళ్ళ అత్త చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకుందట.

నేను నవ్వాను. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది.

"లచ్చిమి ఎందుకలుగుతది అవ్వా? ఇంత పాదరసం గాలిపాలు చేస్తే అలుగుతది గానీ. తలుపు మూసుకొని చెయ్యి. కిటికీల గుడ్డలు కుక్కు."

మాటతో వదలలేదు. ఆ ఆదివారం కొత్త కుండ కొనుక్కుని నేనే వెళ్ళాను. వీధి చివర ఆమెది ఒక్క గది. వంటా, పడకా అన్నీ అందులోనే. ఇద్దరం కలిసి తలుపు మూశాం. చిన్న కిటికీలో పాతగుడ్డలు నేనే కుక్కాను. కుంపటి చల్లారాక కుండ తిప్పి చూస్తే లోపలంతా తెల్లటి మెరుపు. వేలితో మీటితే చుక్కలన్నీ జారి ఒక్కటై నీళ్ళగిన్నెలో పడ్డాయి. అవ్వ చిన్నపిల్లలా నవ్వింది. నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. వేరుచేయడమంటే ఏమిటో ఆమెకే నేర్పించానన్న సంతోషంతో ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రం తలనొప్పి వచ్చింది, నోట్లో రాగి చెంబు నాకినట్టు ఏదో రుచి. బొగ్గు పొగ పడలేదనుకుని కాఫీ తాగి పడుకున్నాను.

ఆ ఏడాదినుంచి ఆ కుండ బొమ్మ నా పాఠంలోకి ఎక్కింది. నల్లబల్ల మీద కుంపటి, గరిటె, బోర్లించిన కుండ, తడిగుడ్డ. పక్కన అంకెలు వేసి చేయవలసిన పనులు. మూడో అంకె దగ్గర, తలుపులు కిటికీలు మూయవలెను. పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేవారు. మా తరగతిలో సగం మంది ఆ బజారు పిల్లలే. కంసాలుల ఇళ్ళ పిల్లలూ ఉండేవారు. తనిఖీకి వచ్చిన అధికారి స్థానిక వృత్తులతో పాఠం చెప్పానని మెచ్చుకున్నాడు. నేల మీద నడవలేదు నేను.

నాలుగైదేళ్ళు గడిచాక అవ్వలో తేడా కనబడసాగింది. మొదట పళ్ళచిగుళ్ళు వాచాయి, రెండు పళ్ళు ఊడాయి. వయసు కదా అనుకున్నాం. తర్వాత కోపం ఎక్కువైంది. కాళ్ళు దులపమని నవ్వుతూ చెప్పే మనిషి కంసాలులతో తగువులాడేది, కాసేపటికి ఏమన్నదీ మరిచిపోయేది. ఆ తర్వాత చేతులు. టీ గ్లాసు అందుకుంటే సగం చీర మీదే పోయేది. దవాఖానలో రక్తం తక్కువుందని గోలీలిచ్చారట. నేను వెళ్ళినప్పుడల్లా చేతులు కొంగు కింద దాచుకునేది. ఒకరోజు పళ్ళెం ఆడిస్తుండగా వెళ్ళి పాత అలవాటుకొద్దీ ఎదురుగా కూర్చున్నాను. పళ్ళెం గడగడా కొట్టుకుంది. నీళ్ళు, బూడిద, ఏది పోవాలో ఏది ఉండాలో తెలియకుండా అన్నీ కలిసి మెట్ల మీదికి చిమ్మాయి.

"అటు తిరుగు పంతులమ్మా. నువ్వు చూస్తే చెయ్యి ఆగుతలేదు."

నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. వెనక నీళ్ళ చప్పుడు వింటూ, ఈమెకు ఇంత బిడియం ఎప్పుడు వచ్చిందా అని ఆలోచించాను తప్ప ఇంకేమీ తోచలేదు. సైన్సు టీచర్ని.

ఎనభైల్లో ఒక వేసవిలో మాకు శిక్షణ పెట్టారు. ప్రయోగశాలలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి ఒక కాలేజీ లెక్చరరు చెబుతున్నాడు. పాదరసం ఆవిరికి వాసనుండదు, మూసిన గదిలో అది ఎక్కడికీ పోదు, నేల నెర్రెల్లో చేరి రోజూ కొంచెం కొంచెం లేస్తుంటుంది అన్నాడు. చిగుళ్ళు వాస్తాయి, పళ్ళు కదులుతాయి, చేతులు వణుకుతాయి, మనిషికి కోపమూ మతిమరుపూ వస్తాయి. ఎవరైనా చూస్తుంటే ఆ వణుకు మరీ ఎక్కువవుతుందన్నాడు. చుట్టూ అందరూ పుస్తకాలతో విసురుకుంటున్నారు. ఆయన చెబుతున్నది జాగ్రత్తలు కాదు, నాకు తెలిసిన మనిషిని.

ఆ రోజే వెళ్ళాలి. వెళ్ళలేదు. నాలుగు రోజులు వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో తెలియలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, ఆ నాలుగు రోజులూ ఆమె గదిలో కుంపటి రాజుతూనే ఉందని నాకు తెలుసు.

అయిదో రోజు మధ్యాహ్నం వెళ్ళాను. తలుపు మూసి ఉంది. తోసి, తెరిచి, ముందుగా కిటికీలోని గుడ్డలు పీకి పారేశాను. ఎప్పుడో నేను కుక్కిన గుడ్డలే అవి, పొగచూరి నల్లబడి ఉన్నాయి. గాలి వస్తే మంట ఆగదని అవ్వ విసుక్కుంది. కూర్చుని అంతా చెప్పాను. ఆ పొగ విషమని, చేతులు అందుకే ఇలా అయ్యాయని, బయట గాలిలో చేసుకుంటూ పోతే ఇంత జరిగేది కాదని. లోపల చేయమన్నది నేనే అవ్వా అని కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆమె చాలాసేపు ఆ కుండవైపు చూసింది. ప్రతిసారీ కడిగి, గుడ్డతో తుడిచి, మేకుకు తగిలించుకున్న కుండ.

"మా అత్త ఒట్టిగ చెప్పలేదన్నట్టు," అంది మెల్లగా.

తర్వాత తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. చేతులు దాచుకోవడం కూడా మరిచిపోయింది.

"గా ఆడిపిల్లలకు సుత గిట్లనే చెప్పినవా పంతులమ్మా?"

ఏటేటా నల్లబల్ల మీద నేను గీసిన బొమ్మ కళ్ళముందు నిలిచింది. మూడో అంకె, దాని పక్కన వాక్యం.

"లేదవ్వా. నీకొక్కదానికే చెప్పిన," అన్నాను.

"మంచిదాయె," అంది. ముఖం తేటపడింది. "నాకొక్కదానికైతే మంచిదాయె. పెండ్లిళ్ళై పోయెటోళ్ళు, పిల్లల తల్లులయ్యెటోళ్ళు."

కుండ మేకునుంచి తీసి నా చేతికిచ్చి పట్టుకుపొమ్మంది. తీసుకున్నాను. దారిలో ఎక్కడ పారెయ్యాలో తెలియక ఇంటిదాకా మోసుకొచ్చి, పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను.

అవ్వ మళ్ళీ బయట కుంపటి పెట్టుకుంది. కానీ పళ్ళెం ఆడించే చెయ్యి తిరిగి రాలేదు. బంగారం బూడిదతోపాటు జారిపోసాగింది. కంసాలులు ఆమెను ఏమీ అనలేదు, దుమ్ము మాత్రం వేరేవాళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టారు. నెక్కొండలో ఆమె చెల్లెలుంటే అక్కడికి పంపారు. రెండు నెలలు తిరక్కుండానే రైలెక్కి వచ్చేసింది. అక్కడ ఊరకే కూర్చుంటే చేతులు మరీ ఊగుతున్నాయంది. చివరిదాకా దుకాణాల మెట్ల కింద గుడ్డ పరుచుకుని కూర్చునేది. కాళ్ళు దులుపుకుని పొమ్మంటే ఎవరూ కాదనేవారు కాదు. ఆ గుడ్డలో పడ్డది ఏమి చేసుకునేదో నాకు తెలియదు.

ఒక చలికాలంలో పోయింది. నాకు తెలిసేసరికి దహనం కూడా అయిపోయింది. నేను వెళ్ళేసరికి గది ముందు ఆమె చాపా, బొంతా కాలుతున్నాయి. ఆ వీధి ఆచారమే అది, చాపను ఊరికే పారెయ్యరు. కొత్తగా పని అందుకున్నవాడు ఆ బూడిద కడిగితే ఆవగింజంత బంగారం వచ్చింది. తర్వాత గది నేల తవ్వారు. గడ్డపార పడ్డచోటల్లా మట్టిలోంచి తెల్లటి చుక్కలు లేచి దొర్లాయి. పెద్ద కంసాలి వంగి చూసి, పంతులమ్మా, మీ కుండ పాదరసం ఇంకా ఇక్కడనే ఉన్నదన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నేను వెనుదిరిగి వచ్చేశాను.

ఆమెతో అబద్ధం చెప్పిన మర్నాడే పాత హాజరు పుస్తకాలు తీసి కూర్చున్నాను. ఆ పాఠం విన్న పిల్లల పేర్లన్నీ రాసుకున్నాను. బజారులో ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి తలుపు తట్టి చెప్పాను. కొందరు ఆ పాఠమే గుర్తులేదని నవ్వారు. ఒకరిద్దరు నవ్వలేదు. పెళ్ళిళ్ళై మడికొండకూ, డోర్నకల్‌కూ, ఇంకా ఎక్కడెక్కడికో పోయినవాళ్ళను వెతికాను. కొందరు దొరికారు. చాలామంది దొరకలేదు. నేను ఉద్యోగం దిగిపోయేదాకా ఆ పాఠంలో మూడో అంకె దగ్గర, తలుపులన్నీ తెరిచి, గాలి వెనకనుంచి వచ్చేట్టు కూర్చోవలెను అని రాయించాను. ఎవరి మాట అది అని పిల్లలు అడగలేదు.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలోనో, బస్సు దగ్గరో ఎవరో ఒకరు గుర్తుపట్టి, బాగున్నారా టీచర్ అంటూ చేతులు జోడిస్తారు. నేను ముఖం చూడను, ముందు చేతులు చూస్తాను. నేను చూస్తున్నానని తెలిసి వాళ్ళు ఇబ్బంది పడతారు. వాళ్ళకూ అరవై దాటాయి. కొందరి చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకులో వయసు ఎంతో, నేను ఎంతో వేరుచేసే పద్ధతి నాకు తెలియదు.